మాటకు మాట రాసుకునే చదువు

నర్సింగ్ విద్యార్థుల రికార్డు పుస్తకాల దొంతరలో ప్రాసెస్ రికార్డింగ్ అని ఒకటి ఉంటుంది. కేర్ ప్లాన్లు, కేస్ స్టడీలు, డ్రగ్ బుక్కుల మధ్య నాలుగైదు పేజీలకు మించని వ్యవహారం. స్కేలు పెట్టి నిలువు గీతలు కొట్టి గడులు చేస్తారు. ఒక గడిలో రోగి అన్న మాట, పక్క గడిలో నర్సు అన్న మాట, ఆ తర్వాత అందులోంచి అర్థమైంది, చివర వాడిన పద్ధతి. గడుల పేర్లూ వరసా కాలేజీని బట్టి మారతాయి గానీ లోపలి సరుకు ఇదే. రోగితో పది పదిహేను నిమిషాలు మాట్లాడాక వార్డు బయటికొచ్చి, ఒక్క మాట పోకుండా, సొంత తెలివి కలపకుండా రాయాలి. మధ్యలో ఇద్దరూ ఊరుకుండిపోయిన సమయం ఉంటే అదీ రాయాలి.

నర్సులకు సహానుభూతి ఎలా నేర్పాలన్నదాని మీద ప్రపంచంలో చాలా సరంజామా తయారైంది. నటులను రోగులుగా మంచం మీద పడుకోబెట్టి మాట్లాడించే పద్ధతి ఉంది. మనసు మెత్తదనాన్ని మార్కుల్లో కొలిచే ప్రశ్నపత్రాలున్నాయి. వర్క్‌షాపులు, పవర్‌పాయింట్లు సరేసరి. వాటన్నిటికంటే ఈ గీతల కాగితం మీదే నాకు గురి ఎక్కువ. ఖర్చు లేదు కాబట్టి అనడం లేదు. మంచి మనసును అందరూ మెచ్చుకుంటారు. ఆ మనసు నోట్లోంచి బయటికొచ్చేటప్పుడు ఏ రూపంలో వస్తోందో వాక్యం వాక్యంగా పరీక్షించే పనిముట్టు నాకు తెలిసి ఇదొక్కటే.

తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు వైపు నుంచి నర్సింగ్‌లో చేరే పిల్లలకు మాట మర్యాద కొత్తగా నేర్పనక్కర్లేదు. మామ్మగారూ, బాబాయ్ గారూ అన్న పిలుపులు నోట్లోనే ఉంటాయి. వాక్యం చివర 'అండీ' తగిలించకుండా పెద్దవాళ్ళతో మాట్లాడమంటే వాళ్ళవల్ల కాదు. జాలికీ లోటు లేదు. వచ్చిన చిక్కంతా ఆ జాలికున్న తొందరతోనే. ఎదుటి మనిషి కంట నీళ్ళు పెట్టుకోగానే 'ఏం కాదండీ, తగ్గిపోద్ది' అనేస్తాం. మన ఇళ్ళలో అందరం అదే చేస్తాం, అదే మంచితనం అనుకుంటాం. ఆసుపత్రిలో ఆ మాట ఏం పని చేస్తుందో చూడాలంటే దాన్ని కాగితం మీద పెట్టాలి.

పెట్టి చూద్దాం. కింద ఉన్నది ఏ విద్యార్థి రికార్డులోంచీ తీసింది కాదు, రూపం తెలియడానికి నేను కట్టిన నమూనా. మగవాళ్ళ సర్జికల్ వార్డు. డెల్టా పల్లెలో కౌలు రైతు, వయసు 65. షుగరు వల్ల పుండు పడి కాలి వేలు ఒకటి తీసేశారు. పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదు. నర్సు ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు.

నర్సు: తాతగారూ, అన్నం ఎందుకు తినలేదండీ?

రోగి: ఆకలి లేదమ్మా.

నర్సు: అలాగంటే ఎలాగండీ? తినకపోతే పుండు మానదు కదా.

రోగి: (కట్టు వైపు చూసుకుంటూ) మానితే మాత్రం ఏంటమ్మా. గట్టు మీద నిలబడాలి కదా.

నర్సు: అయ్యో, అలా అనకండి. అంతా తగ్గిపోద్ది. చెయ్యి ఇటివ్వండి, బీపీ చూస్తాను.

రోగి: (చెయ్యి ఇచ్చి గోడవైపు తిరిగారు.)

వింటే ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. పిల్ల మర్యాదగా మాట్లాడింది, ఆరోగ్యం గురించి చెప్పింది, ఓదార్చింది, తన పనీ చేసుకుంది. కాగితం మీదికొచ్చాక మాత్రం ఒక్కో వాక్యం చేసిన పని బయటపడుతుంది. 'ఎందుకు తినలేదండీ' అనడం సంజాయిషీ అడగడం. దానికి వచ్చే జవాబు ఎప్పుడూ పొట్టిగా, తప్పించుకునేలా ఉంటుంది. అలాగే వచ్చింది. 'అలాగంటే ఎలాగండీ'లో మెత్తటి మందలింపు ఉంది. ఆ తర్వాత రోగి ఒక తలుపు తీశాడు. గట్టు మీద నిలబడాలి అన్నాడు. పొద్దుటి నుంచి ఆయన నోట వచ్చిన అసలు మాట అదే. దానికి జవాబుగా వచ్చిన 'అయ్యో, అలా అనకండి'లో దయ ఎంత ఉందో, నోరు మూయించడమూ అంతే ఉంది. ఇక బీపీ. అప్పుడు చూడాల్సిన టైమే కావచ్చు. కానీ మాట బరువెక్కిన క్షణంలోనే చెయ్యి ట్రాలీ మీదికి ఎందుకు పోయిందన్నది ట్యూటర్ అడగాల్సిన ప్రశ్న.

నాకు ఇందులో అన్నిటికంటే విలువైనది చివరి బ్రాకెట్. గోడవైపు తిరిగారు అన్న ఆ రెండు మాటలు రాయకపోతే ఈ సంభాషణ సలక్షణంగా ముగిసినట్టే. కేస్ షీట్‌లో 'పేషెంట్ సహకరించారు' అని పడిపోతుంది, ఎందుకంటే చెయ్యి ఇచ్చాడు కదా.

ఇప్పుడు ఆ తలుపు దగ్గరికే వెనక్కి వెళ్ళి ఇంకోలా నడిపి చూద్దాం.

రోగి: మానితే మాత్రం ఏంటమ్మా. గట్టు మీద నిలబడాలి కదా.

నర్సు: గట్టు మీద నిలబడాలా అండీ?

రోగి: మూడెకరాలు కౌలు. దాళ్వా నాట్లు పడిపోయినియ్. నీళ్ళు చూసుకోవాలి. కాలు తడపకూడదంట కదా.

నర్సు: (కాసేపు ఆగి) తడపకూడదనే అన్నారండీ. మరి ఇప్పుడు నీళ్ళెవరు చూస్తున్నారు?

రోగి: మా ఇంటిది. దానికా మోకాళ్ళ నెప్పులు. రాత్రిపూట బోదె దగ్గరికి ఒక్కతే వెళ్తంది.

నర్సు మొదట చేసిందల్లా ఆయన మాటే ఆయనకు తిరిగి అందించడం. నర్సింగ్ పాఠాల్లో దీనికి పేరుంది, పరీక్షలో రెండు మార్కులకు అడుగుతారు కూడా. అందులో పాండిత్యం ఏమీ లేదు, చెయ్యడం మాత్రం కష్టం. ఎందుకంటే అప్పటికే నాలుక చివర 'అంతా తగ్గిపోద్ది' సిద్ధంగా ఉంటుంది. దాన్ని మింగాలి. రెండో చోట 'తడపకూడదనే అన్నారండీ' అని నిజం ఒప్పుకుంది. ఓదార్చడానికి నిజాన్ని పలచన చెయ్యలేదు. ఆ ఒప్పుకోలు తర్వాతే భార్య సంగతి వచ్చింది.

దీనివల్ల ఆయన అన్నం తిన్నాడా అంటే, ఒక్క సంభాషణతో తింటాడని చెప్పలేం. తినిపించాలన్న తొందరా అర్థం లేనిది కాదు. ఇన్సులిన్ పడ్డాక అన్నం తినకపోతే షుగరు దిగిపోతుంది, ప్రమాదం. అందుకే మొదటి నర్సును నేను తక్కువ చెయ్యను. అయితే రెండో సంభాషణలో వైద్యానికి పనికొచ్చే సమాచారం చేతికి దొరికింది. ఈ మనిషి డిశ్చార్జి అయిన మర్నాడే బురదలో దిగుతాడు. షుగరు కాలికి స్పర్శ తగ్గి ఉంటుంది, గుల్ల గీసుకున్నా ముల్లు గుచ్చుకున్నా తెలియదు. డిశ్చార్జి కాగితం మీద 'కాలు పొడిగా ఉంచుకోవాలి' అని రాసిస్తే చాలదు. పొలం నీళ్ళు ఎన్నాళ్ళు, ఎవరు చూస్తారన్నది ఇంట్లోవాళ్ళతో కూర్చుని తేల్చాలి. వినడం వల్ల మనసు తేలికపడుతుందన్న మాట అందరూ అంటారు. రెండో వేలు మిగులుతుందన్న సంగతి ఎవరూ అనరు.

ఈ కాగితం వెనక ఒక పెద్దావిడ ఉంది. హిల్డెగార్డ్ పెప్లావ్ 1909లో అమెరికాలో పెన్సిల్వేనియాలో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక నర్సుగా ఇంగ్లండులో పనిచేసింది. యుద్ధంలో మనసు చెదిరిన సైనికుల మధ్య ఉన్న అనుభవం ఆమెది. నర్సుకూ రోగికీ మధ్య నడిచే సంబంధమే వైద్యంలో భాగమని వాదిస్తూ రాసిన పుస్తకం 1952లో వచ్చింది. రాత పూర్తయింది అంతకు నాలుగేళ్ళ ముందే. డాక్టరు పేరు సహరచయితగా లేకుండా ఒక నర్సు సొంతంగా సిద్ధాంతం రాయడం అప్పటికి మింగుడుపడలేదు, అందుకే ఆ ఆలస్యం. ఆవిడ విద్యార్థుల చేత రోగులతో జరిగిన మాటలను ఉన్నవి ఉన్నట్టు రాయించి, వాటి ముందు కూర్చోబెట్టి చదివించేది. రోగి ఏమన్నాడన్నదానితో పాటు, ఆ మాట వినగానే నీలో ఏం కదిలింది, నువ్వు విషయం ఎందుకు మార్చావు అని అడగడం ఆ పద్ధతిలో కీలకం.

మన పాఠ్యప్రణాళికలో ఇది ప్రధానంగా మానసిక ఆరోగ్య నర్సింగ్‌లో దొరుకుతుంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సెమిస్టర్ పద్ధతిలో బీఎస్సీ వాళ్ళకు ఆ సబ్జెక్టు ఐదు, ఆరు సెమిస్టర్లలో వస్తుంది. ఆంధ్రలో చాలా కాలేజీల పిల్లలు పోస్టింగ్‌కి విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్తారు. 19వ శతాబ్దం నుంచి నడుస్తున్న ఆసుపత్రి అది. వెళ్ళే ముందు భయపడే పిల్లలు, తిరిగొచ్చాక అక్కడి రోగుల గురించి ఆపకుండా చెప్పడం మామూలే. కారణం తేలిగ్గానే ఊహించవచ్చు. జనరల్ వార్డులో సెలైన్, ఇంజెక్షన్, డ్రెస్సింగ్ మధ్య మాట దూరుతుంది. మానసిక వైద్యశాలలో మాటే పని. చేతికి అడ్డం పెట్టుకోవడానికి ట్రాలీ ఉండదు.

అన్నట్టు, బోలు ధైర్యవచనాల మీద కోపం పెప్లావ్‌తో మొదలైంది కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ నర్సింగ్ మీద రాసిన చిన్న పుస్తకంలో, 1860 నాటి మాట, రోగులకు ఊరికే ఆశలూ సలహాలూ కురిపించి వెళ్ళే పరామర్శకుల మీద ఒక అధ్యాయం మొత్తం కేటాయించింది. రోగి మెడ తిప్పుకోనక్కర్లేకుండా కంటికి ఎదురుగా కూర్చుని మాట్లాడమనీ, గదిలో గుసగుసలాడవద్దనీ ఆవిడ చెప్పినవి ఇవాళ్టి వార్డులో గోడకు రాసి పెట్టుకోవచ్చు. దీపం పట్టుకున్న బొమ్మనే మనం గోడకు తగిలించాం, ఈ నోటి దురుసు సంగతి మర్చిపోయాం.

ఈ విద్యకు అసలు పరీక్ష ఎలా ఉంటుందో 2020 డిసెంబరులో ఏలూరు చూపించింది. డిసెంబరు 4 రాత్రి, 5 తెల్లవారుజాము నుంచి వన్‌టౌన్ ప్రాంతంలో మనుషులు ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. మూర్ఛ, కొద్ది నిమిషాల పాటు మతి లేకపోవడం, తలనొప్పి, వాంతులు. పిల్లలు, పెద్దలు, ఆడా మగా తేడా లేదు. కోవిడ్ ఏడాది కావడంతో భయం రెట్టింపు. కొద్ది రోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు చనిపోయారు. జిల్లా ఆసుపత్రి నిండిపోయింది, కొందరిని విజయవాడ, గుంటూరు పంపారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఆనవాళ్ళున్నాయని ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది, పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చని తర్వాత నిపుణులు అన్నారు. ఆ మొదటి రోజుల్లో పేపర్లన్నీ రాసిన మాట 'అంతుచిక్కని వ్యాధి'.

అటువంటి వార్డులో మంచం పక్క నిలబడ్డ కొత్త నర్సును, పడిపోయి లేచిన కుర్రాడి తల్లి అడిగే ప్రశ్న ఏముంటుంది? నా బిడ్డకి ఏమైందమ్మా, మళ్ళీ వస్తుందా అనే కదా. ఏం కాదండీ అనడానికి వీల్లేదు, ఏమవుతుందో ఎవరికీ తెలియదు. తెలియదండీ అని వెళ్ళిపోయినా తల్లి గుండె ఆగుతుంది. 'ఎందుకొచ్చిందో డాక్టర్లకింకా తెలియలేదండీ, రక్తం పరీక్షకి పంపారు. మళ్ళీ పడిపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, నన్ను పిలవండి, నేను ఈ షిఫ్టంతా ఇక్కడే ఉంటాను' అనగలగాలి. తెలియనిదేదో, చేస్తున్నదేదో, ఆవిడ చేతిలో ఉన్నదేదో, తను ఎక్కడ ఉంటుందో, నాలుగూ విడివిడిగా చెప్పినట్టవుతుంది. ఆ క్షణంలో పుట్టుకొచ్చే మాటలు కావివి. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, పెదాలకు అలవాటు చేసుకుంటే గానీ నోట రావు. ప్యాట్రీషియా బెన్నర్ 1984 నాటి పుస్తకంలో కొత్త నర్సు నియమాన్ని పట్టుకుని నడుస్తుందనీ, సందర్భాన్ని చూసి నడవడం ఏళ్ళ మీద వస్తుందనీ వివరించింది. టెంపరేచర్ చార్టుకు నియమం ఉంది. ఈ తల్లికి ఇచ్చే జవాబుకు లేదు. అందుకే కొత్తవాళ్ళు చార్టు వెనక దాక్కుంటారు, అది బద్ధకం వల్ల కాదు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఎదుటివాళ్ళ బాధను తనదిగా అనుభవించడమే సహానుభూతి అనుకుని అదే నేర్పితే మనిషి త్వరగా అలసి డీలా పడిపోతుంది. జర్మనీలో లైప్‌జిగ్‌లో తానియా సింగర్, ఓల్గా క్లిమెకీ బృందం 2014లో వెలువరించిన పరిశోధనలో, ఇతరుల బాధతో మమేకం కావడం సాధన చేసినవాళ్ళలో దిగులు పెరిగింది. ఆ తర్వాత కరుణను, అంటే మేలు చేయాలన్న తలపును, సాధన చేయించినప్పుడు మనసు మళ్ళీ తేటపడింది. పెప్లావ్ కాగితంలో నర్సు తన మనసు సంగతి కూడా రాసుకోవాలన్న నియమం నాకు అందుకే గట్టిదనిపిస్తుంది. 'ఆయన గట్టు అన్నప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు, అందుకే బీపీ అన్నాను' అని ఒక పిల్ల రాయగలిగితే, వాళ్ళ నాన్నని ఇంటి దగ్గర వదిలి, ఈయన దగ్గర ఇంకో ఐదు నిమిషాలు నిలబడగలదు. నాట్లు వేసే ఆడవాళ్ళు వెనక్కి నడుస్తూ తాము వేసిన వరసనే చూసుకుంటూ పోతారు. ఈ రాత నడక అలాంటిది.

ఈ పనిముట్టు మన వార్డుకు యథాతథంగా సరిపోదని కూడా చెప్పాలి. దాని గడులు ఇద్దరి కోసం గీసినవి, ఒక రోగి ఒక నర్సు. మన దగ్గర మంచం చుట్టూ నలుగురుంటారు. కొల్లేటి లంకల నుంచి ఒక ముసలావిడ వచ్చిందంటే కొడుకు, కోడలు, తోడికోడలు, పక్కింటావిడ వెంట ఉంటారు. నెప్పి ఎక్కడ మామ్మగారూ అని అడిగితే కోడలు జవాబిస్తుంది, కొడుకు దిద్దుతాడు, ముసలావిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటూ ఉంటుంది. ఇక్కడ నైపుణ్యం అంటే ఎవరినీ చిన్నబుచ్చకుండా మాటను మంచం మీది మనిషి దగ్గరికి చేర్చడం. 'మీరు చెప్పింది రాసుకున్నానండీ, ఇప్పుడు మామ్మగారి నోట కూడా ఒకసారి విందాం' అనడంలో ఉన్న లాఘవం ఏ విదేశీ పుస్తకంలోనూ లేదు. అటెండెంట్లకు ఒక గడి అదనంగా గీసుకుంటే మన రికార్డు మనదవుతుంది. ఆ గడి గీయించే ట్యూటర్లుంటే వాళ్ళకు నా నమస్కారం.

ఇక చేదు మాట. ఈ రికార్డుల్లో చాలాభాగం సీనియర్ల పుస్తకాల్లోంచి దిగుతుందన్నది నర్సింగ్ హాస్టళ్ళలో రహస్యమేమీ కాదు. పోస్టింగ్ చివరి వారం రాత్రుళ్ళు కూర్చుని, స్కెచ్ పెన్నుతో హెడ్డింగులు పెట్టి, బోర్డర్లు గీసి పూర్తి చేస్తారు. అలా దించిన రికార్డును పోల్చడం సులువు. అందులో నర్సు ఒక్క తప్పు మాట కూడా అనదు, రోగి చివర్లో థాంక్యూ సిస్టర్ అంటాడు. మంచి ప్రాసెస్ రికార్డింగ్‌లో కనీసం ఒక చోట నర్సు చెడగొడుతుంది, ఆ చోటు తనే పట్టుకుంటుంది. అలా చెడగొట్టిన పేజీకి మార్కులు వేయగల ట్యూటర్ ఉన్న దగ్గరే ఈ చదువు సాగుతుంది. పిల్లల తప్పుకు మార్కులు కోస్తే ఎవరు నిజం రాస్తారు?

ఉద్యోగంలో చేరాక దీన్ని అడిగే నాథుడే ఉండడు. జనరల్ ఆసుపత్రిలో అయిదు మంచాలకు ఒక నర్సు ఉండాలన్నది కౌన్సిల్ ప్రమాణం. నైట్ డ్యూటీలో ఒక్కత్తే వార్డంతా చూసుకునే పిల్లకు ఆ ప్రమాణం చదివి వినిపిస్తే నవ్వుతుంది. అలాంటి పిల్లను సహానుభూతి చూపమని గోడ మీద పోస్టరు అంటించడం అన్యాయం. మనుషుల్ని పెంచకుండా మాటను బాగుచెయ్యమనే వాళ్ళతో నాకు పేచీ ఉంది. అయినా మొదటి ఏడాదిలో నెలకొక్క పేజీ, డ్యూటీ టైములోనే ఒక అరగంట ఇచ్చి, పేర్లు లేకుండా రాయించి, అనుభవమున్న వార్డు సిస్టర్ పక్కన కూర్చుని చదివితే పెద్ద ఖర్చేమీ కాదు. వార్డు సిస్టర్లకు ఈ విద్య పుస్తకంలో లేకపోయినా చేతిలో ఉంటుంది. వాళ్ళలో కొందరు మందు ఇస్తూ మంచం అంచున చెయ్యి ఆనించి, 'రాత్రి నిద్ర పట్టిందా అండీ' అని అడిగి, జవాబు వచ్చేదాకా కదలరు. పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డ కొత్త పిల్ల ఆ ఆగడాన్ని గమనించిందా లేదా అన్నది ఇవాళ ఎక్కడా రాయడం లేదు. నెలకొక్క పేజీ అంటున్నది దానికోసమే.